పాత అచ్చు – కొత్త మోజు: బందరు సంగతే వేరు

చల్లపల్లి:

మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడితే చల్లపల్లి బస్టాండులో బందరు బస్సు కోసం ఎదురుచూసేవారిలో పెళ్ళివారే ఎక్కువగా కనిపిస్తారు. సార్వా ధాన్యం అమ్ముడై, మినుము చేలు పూత మీద వుండే రోజులవి. చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు కూడా అవే. పట్టుచీరెలకు విజయవాడ వెళ్ళేవారు వెళతారు. అయినా బందరు ప్రయాణం మాత్రం తప్పదు. పెళ్ళికూతురి పక్కన నిలబడే ఆడపిల్లలకు చిలకలపూడి నగలు కావాలి. సారెలోకి తొక్కుడు లడ్డు కావాలి. వీలు చిక్కితే పెడన దాకా పోయి రెండు కలంకారీ దుప్పట్లు తెచ్చుకుంటే సరే సరి.

ఈ జాబితాలో ఈ మధ్య కొత్తగా చేరింది జాకెట్టు ముక్క. సాదా చీరె మీదకు కలంకారీ జాకెట్టు తొడగడం 2010 తర్వాత పట్నాల్లో మోజు అయింది. ఆ మోజు దివిసీమ లంకల దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. నాయనమ్మ మంచం మీద పరచుకున్న దుప్పటి మీది లత మనుమరాలి జాకెట్టు మీదికి పాకింది. లత అదే, ఎరుపు అదే, నలుపు అదే. దుప్పటిని పాతకాలపు వస్తువని పెట్టెలో పడేసినవారే జాకెట్టును సరికొత్త ఫ్యాషనని కొంటున్నారు.

విజయవాడలో అద్దాల మేడలున్నవి, కదిలే మెట్లున్నవి. బందరులో అంత హంగు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం లక్షా 70 వేలకు కాస్త తక్కువే. జిల్లాను 2022 ఏప్రిల్‌లో రెండుగా చేసినప్పుడు విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు పోయింది, కృష్ణా జిల్లాకు బందరే కేంద్రంగా మిగిలింది. కలెక్టరాఫీసు పని వున్నవాళ్ళు ఎలాగూ వెళతారు. ఏ పనీ లేనివాళ్ళు కూడా ఏదో ఒక సాకు పెట్టుకొని వెళుతున్నారంటే ఆ వూళ్ళో ఏదో ఆకర్షణ వుండాలి.

పేర్లలోనే చరిత్ర

బందరులో రిక్షావాణ్ణో, ఆటోవాణ్ణో పేటల పేర్లు చెప్పమంటే చరిత్ర పాఠం చెప్పినట్లే వుంటుంది. వలందపాలెం అంటే వలందా వారి పాలెం, అనగా హాలండు దేశస్థులది. ఫరాసుపేట ఫ్రెంచివారిది. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనక్కరలేదు. వలందా వారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఈ రేవుకు వచ్చారు. అప్పటికి బందరు గోల్కొండ నవాబుల రేవు. వీరందరికంటే ముందే పారశీక వర్తకులు ఇక్కడ దుకాణాలు తెరిచి వున్నారు. బందరు అన్న మాటే వారి భాషది. రేవు అని అర్థం. ఇక్కడినుంచి ఓడలు ఒకవైపు పెగూ, సయాం దేశాలకు, మరొకవైపు మక్కాకు, హోర్ముజుకు వెళ్ళేవి.

ఇంత దూరం నుంచి వీళ్ళంతా వచ్చింది మన బియ్యం కోసం కాదు. గుడ్డ కోసం. ముఖ్యంగా అద్దకపు గుడ్డ కోసం. ఉతికినా రంగు పోని గుడ్డ ఆనాటి ఐరోపాకు వింత. వారికి తెలిసిన రంగులు నూలు మీద నిలిచేవి కావు. ఇక్కడి గుడ్డ ఉతికినకొద్దీ ఎరుపు ఇంకా తేటబడేది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అద్దకంవాళ్ళు తాతలు చెక్కిన బొమ్మలనే పట్టుకొని కూర్చోలేదు. పారశీకులకు సరుగుడు లాంటి చెట్లు, తోరణాలు, నమాజు గుడ్డలు కావాలంటే అవి అద్దారు. తూర్పు దీవులవారికి కావలసిన తీరు వేరు, దానికి వేరే అచ్చులు. సీమవారికి ఎర్రని నేల నచ్చదు, తెల్లని నేల మీద పెద్ద చెట్టు కావాలని కబురు వస్తే అలాగే వేశారు. ఓడలో నమూనా కాగితం వచ్చేది, మళ్ళీ ఓడకు సరుకు పోయేది. మనం ఈనాడు సంప్రదాయమని కళ్ళకద్దుకుంటున్న లతలలో ఎన్నో ఆనాటి పరదేశపు ఫ్యాషన్లే! చేతిపని మాత్రం ఇక్కడిది, రంగు ఇక్కడిది.

ఆ మోజు ఎంతదాకా వెళ్ళిందంటే ప్రభుత్వాలు చట్టాలు చేసి ఆపవలసి వచ్చింది. ఫ్రాన్సు 1686లో ఇండియా అద్దకపు బట్టలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని నడిపింది. 1719లో లండను వీధుల్లో అద్దకపు గుడ్డ కట్టిన ఆడవాళ్ళ మీద అక్కడి నేతగాళ్ళు విరుచుకుపడ్డారు. ఈ గుడ్డ తమ పొట్ట కొడుతున్నదని వారి బాధ. 1721లో ఇంగ్లీషు పార్లమెంటు అద్దకపు నూలు గుడ్డ కట్టుకోవడమే నేరమంటూ చట్టం చేసింది. కోరమాండల్ తీరంలో ఒక్క బందరే కాదు, ఇంకా ఎన్నో వూళ్ళు ఈ గుడ్డ తయారు చేసేవి. అయినా ఆ గొడవలో బందరు వాటా చిన్నది కాదు.

చిరివేరు, కరక్కాయ, కాలువ నీరు

ఈ పని ఇక్కడే ఎందుకు పండింది? కృష్ణ సముద్రంలో కలిసే ఈ ఇసుక నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క పెరిగేది. దాని వేరు నుంచి మంచి ఎరుపు దిగుతుంది. గుల్లలు కలిసిన ఇసుక వల్ల ఇక్కడి వేరుకు బలం ఎక్కువని పేరు. వూళ్ళో రేవు, చుట్టూ మగ్గాలు, పక్కనే పారే నీళ్ళు. ఇంకేం కావాలి?

పెడనలో ఇప్పటికీ చేతి అచ్చుతో అద్దే చోట్ల పని తీరు పాతదే. గంజి పోయేదాకా గుడ్డను ఉతికి, ఎండలో ఆరేసి, కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. గుడ్డ లేత పసుపుగా మారుతుంది. ఇక నలుపు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీటిలో అచ్చు ముంచి గుడ్డ మీద వేస్తే, కరక్కాయ వగరుకు ఇనుము తగిలి అక్కడికక్కడ నల్లబడుతుంది. మన ఆడవాళ్ళు ఇనుప మూకుడులో వంకాయ వండితే కూర నల్లబడటం చూసే వుంటారు, కిటుకు అలాంటిదే.

ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. ఎరుపు రావలసిన చోట అచ్చుతో వేసేది ఎరుపు కాదు, పటిక నీరు. అది వేసినప్పుడు కంటికి సరిగా ఆనదు కూడా. తర్వాత గుడ్డను పారే నీటిలో జాడించి, పెద్ద రాగి కాగులలో వేరు, జాజి ఆకు వేసి కట్టెల పొయ్యి మీద ఉడికిస్తారు. పటిక పడినచోట ఎరుపు పట్టుకుంటుంది. పడని చోట పట్టదు. కాగులో అంతా ఎరుపే, బయటికి తీసి ఉతికితే పువ్వు మాత్రమే ఎర్రగా మిగులుతుంది. చిరివేరు దొరకడం తగ్గాక దాని స్థానంలో మంజిష్ఠ, కారఖానాలో తయారయ్యే ఎర్రమందు వచ్చినవి. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. ఒకప్పుడు నీలం కోసం మిగతా గుడ్డంతా మైనం పూసి తొట్టిలో ముంచేవారు.

అచ్చులు టేకు చెక్కతో చేసినవి. రంగుకొక అచ్చు. నాలుగు రంగుల పువ్వుకు నాలుగు అచ్చులు, నాలుగూ ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. అచ్చు వేసేవాని చేయి ఎంత ముఖ్యమో, అచ్చు చెక్కినవాని కన్ను అంత ముఖ్యం. దుప్పటి బాగుందనేవారు వుంటారు గాని అచ్చు చెక్కినవాణ్ణి తలచుకునేవారు తక్కువ.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ఎండ, నీరు. ముసురు పడితే పని ఆగుతుంది. కాలువ కట్టేస్తే ఉతుకు కష్టం. చల్లపల్లి రైతు కాలువ వైపు చూసినట్లే పెడన అద్దకంవాడు కూడా చూస్తాడు.

రేవు పోయినా వూరు పోలేదు

సీమలో మిల్లులు వచ్చి అదే లతను యంత్రంతో అచ్చువేసి మనకే అమ్మడం మొదలుపెట్టినవి. 19వ శతాబ్దంలో వేరుతో పనిలేకుండా ఎర్రమందు, చెట్టుతో పనిలేకుండా నీలిమందు తయారుచేయడం జర్మనీవారు కనిపెట్టారు. ఇక్కడ రేవు పూడిపోయింది. ఓడలు మైళ్ళ దూరాన లంగరు వేస్తే పడవల మీద సరుకు మోయవలసి వచ్చేది. అన్నిటి మీద 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన. సుమారు 30 వేలమందిని సముద్రం తీసుకుపోయింది. 1977 నవంబరు 19 చూసిన దివిసీమవారికి ఆ రాత్రి ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

మరో వూరైతే అక్కడితో పాడుబడిపోయేది. బందరు అలా కాలేదు. 1866లో పురపాలక సంఘం వచ్చింది. 1902లో కృష్ణాపత్రిక వచ్చింది. 1908లో రైలు వచ్చింది. 1910లో కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. దేశమంతా బి.ఏ. చదివి గుమాస్తా పనికి పరుగెడుతున్న కాలంలో అక్కడ పాఠాలతో పాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం నేర్పారు. వంగదేశం నుంచి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయ బొమ్మలు నేర్పితే అడివి బాపిరాజుగారి వంటివారు తయారైనారు. మన పక్కనే భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు కూడా ఆ కళాశాలలో పనిచేసినవారే. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రాబ్యాంకును ఇక్కడే మొదలుపెట్టారు. 2020 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయి పేరు పోయింది. పాత పాసుపుస్తకాలు మాత్రం ఇళ్ళలో ఇంకా వున్నవి. తెలుగు సినిమాకు ఆద్యుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్యగారు పుట్టింది కూడా బందరులోనే. కొత్తదేదైనా ఈ వూరి గాలికి ముందుగా తగిలేదేమో!

చిలకలపూడి తళుకు

పాత వారపత్రికలు తిరగేస్తే చివరి పేజీల్లో చిలకలపూడి బంగారు కవరింగు నగల ప్రకటన కనిపిస్తుంది. కార్డు ముక్క రాస్తే వి.పి.పి.లో నగ ఇంటికి వచ్చేది. ఇప్పుడు ఫోనులో బొమ్మ చూసి ఆర్డరు ఇస్తే కొరియరులో ఇంటికి వస్తున్నది. మధ్యలో మారింది పోస్టుమానే.

పాండురంగస్వామి గుడికి వెళ్ళే భక్తులు, నగల దుకాణాలకు వెళ్ళే ఆడవాళ్ళు ఒకే బస్సు దిగుతారు. కార్తీకంలో తిరునాళ్ళ రోజుల్లో ఎవరు దేనికి వచ్చారో చెప్పడం కష్టం. గాజులు, గొలుసులు, జూకాలు, వడ్డాణాలు, అన్నీ కాసులపేరు మొదలుకొని సినిమాలో నిన్న వచ్చిన డిజైను వరకు దొరుకుతవి. రాగితోనో, ఇత్తడితోనో ఆకారం చేసి, అతుకులు వేసి, రాళ్ళు పొదిగి, మెరుగుపెట్టి, చివరకు కరెంటు తొట్టిలో ముంచి బంగారు పూత పట్టిస్తారు. లంకెలు అతకడం, రాళ్ళు అంటించడం వంటి పనులు ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేస్తుంటారు. వంటపని అయ్యాక కూర్చుని, పిల్లలు బడినుంచి వచ్చేలోగా లేస్తారు. నగ మెడలో వేసుకున్నవారికి ఆ చేతులు కనిపించవు. కంటిచూపు తగ్గడం, పొగ, మందునీళ్ళు – ఇవన్నీ ఆ పనిలో వున్నవారి పాట్లు. పూత తొట్టిలో వాడే మందులు విషం. గాలి ఆడే గది, చేతికి తొడుగు లేకుండా ఆ పని చేయించడం మంచిది కాదు.

2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ఎకరం కౌలు చేసే రైతు కూతురి పెళ్ళికి నాలుగు కాసులు పెట్టాలంటే ఏమవుతుందో లెక్క కట్టుకోవచ్చు. పుస్తెలు, ఒక గొలుసు బంగారం చేయించి, మిగతావి చిలకలపూడివి కొనేవారు ఇప్పుడు సిగ్గుపడటం లేదు. పెళ్ళిపందిట్లో ఏది మేలిమో, ఏది కవరింగో చెప్పగలిగేవాడు తాకట్టు కొట్టువాడొక్కడే. వాణ్ణి పెళ్ళికి పిలవకపోతే సరిపోతుంది.

లడ్డు సంగతి

శనగపిండితో పూస వండి, దంచి, బెల్లం పాకం పట్టి, మళ్ళీ రోట్లో నేయి వేస్తూ తొక్కి తొక్కి చేసేది గనుక తొక్కుడు లడ్డు. పూర్వం బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీలు ఈ వంటను తెచ్చారని చెబుతారు. అంటే వచ్చినవాళ్ళ వంట వూరి పేరు పెట్టుకుంది. 2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తిన్నవారికి ఆ కాగితంతో పనిలేదు.

కొనేవారి చేతిలో వుంది

ఇన్ని చెప్పుకున్నాక అసలు కష్టం చెప్పుకోవాలి. ఈనాడు కలంకారీ పేరుతో సంతల్లో, దుకాణాల్లో అమ్ముతున్న గుడ్డలో చేతి అచ్చుది ఎంతో లేదు. పెడనలోనే చాలామంది స్క్రీను అద్దకంలోకి మారిపోయారు. చట్రం పెట్టి రంగు లాగితే గంటలో ఎంతో గుడ్డ అవుతుంది. అంతకంటే చవకగా సూరత్ మిల్లులు కలంకారీ బొమ్మను యంత్రం మీద అచ్చువేసి పంపిస్తున్నవి. మూడు వందల ఏళ్ళనాడు లండను నేతగాడి పొట్ట కొట్టినది పెడన లత. ఈనాడు అదే లత యంత్రమెక్కి వచ్చి పెడనవాడి పొట్ట కొడుతున్నది.

స్క్రీను వేసేవాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. వాడికీ ఇల్లు గడవాలి. మచిలీపట్నం కలంకారీకి కూడా భౌగోళిక గుర్తింపు వుంది గాని, దుకాణంలో కొనేవాడు అడగనప్పుడు ఆ గుర్తింపు బీరువాలో కాగితమే. రోజంతా నిలబడి అచ్చు వేసే పనికి వచ్చే కూలితో పోల్చుకొని పిల్లలు హైదరాబాదు దారి పడుతున్నారు. అచ్చు చెక్కే పని నేర్చుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. నేర్చుకున్నవాడికి పని వుంటుందన్న భరోసా లేదు.

కొనదలచినవారు కొన్ని ఆనవాళ్ళు చూసుకోవచ్చు. చేతి అచ్చు అయితే అచ్చుకూ అచ్చుకూ అతుకు పడినచోట ఎక్కడో ఒకచోట చిన్న తేడా కనిపిస్తుంది. ఆ తేడా లోపం కాదు, చేతి గుర్తు. గుడ్డ తిరగేస్తే నలుపు, ఎరుపు వెనకకు కూడా దిగి వుంటవి. యంత్రపు అచ్చు వెనక తెల్లగానో, వెలిసినట్లుగానో వుంటుంది. రంగు పైన పేరుకొని గరుకుగా తగిలితే అనుమానించాలి. మెరిసే గులాబి, చిలకపచ్చ రంగులు కరక్కాయతో, వేళ్ళతో వచ్చేవి కావు. కొత్త గుడ్డకు కాస్త పచ్చి వాసన వుంటుంది. ఇక ధర. చేతి అచ్చు దుప్పటి, మిల్లు దుప్పటి ఒకే ధరకు ఇస్తామంటే రెండూ మిల్లువే. దుకాణదారుని మొహమాటపడకుండా అడగాలి – చేతి అచ్చా, స్క్రీనా అని. అడిగేవాళ్ళు పెరిగితే చెప్పేవాళ్ళూ పెరుగుతారు. చవకది కావలసినవారు స్క్రీనుదే కొనుక్కోవచ్చు, అందులో తప్పు లేదు. చేతి అచ్చు ధర పెట్టి స్క్రీనుది మోసుకురావడమే తెలివితక్కువ.

మళ్ళీ ఓడలు

బందరు రేవు కోసం 2008లో ఒకసారి, 2019లో ఒకసారి శంకుస్థాపనలు జరిగినవి. రాళ్ళు మిగిలినవి గాని ఓడలు రాలేదు. 2023 మే నెలలో మరోసారి శంకుస్థాపన జరిగి మంగినపూడి దగ్గర పనులు నడిచినవి. అదే సంవత్సరం సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. 2008లో వచ్చిన కృష్ణా విశ్వవిద్యాలయం ఎలాగూ వుంది. చల్లపల్లి మీదుగా పోయే 216 నెంబరు జాతీయ రహదారి వెడల్పయ్యాక బందరు మరీ దగ్గరైంది. రేవు పూర్తయితే పోతేపల్లి నగల పార్కు సరుకు, పెడన దుప్పట్లు మళ్ళీ ఈ తీరం నుంచే ఓడ ఎక్కవచ్చు. ఎక్కించడానికి అప్పటికి అచ్చు వేసేవాడు మిగిలి వుంటాడా అన్నది రేవు కట్టే ఇంజనీర్ల లెక్కలో లేని సంగతి.

సాయంత్రం బందరు నుంచి తిరిగి వచ్చే బస్సులో సందడి వేరుగా వుంటుంది. లడ్డు పొట్లాల నెయ్యి వాసన. డబ్బాలు తెరిచి జూకాలు చెవి దగ్గర పెట్టుకొని చూసుకునే ఆడపిల్లలు. దుప్పటి మడత విప్పి వెనక వైపు తిప్పి చూస్తున్న పెద్దావిడ. రంగు దిగిందో లేదో కిటికీ వెలుతురులో పరీక్షిస్తూ, చల్లపల్లి వచ్చినా ఆమె ఇంకా మడత పెట్టదు.